ఇనుము వంగదు

మా ఆయన బరువెంతో తెలియాలంటే పాత ఇనుము కొట్టుకు వెళ్ళాల్సి వచ్చింది. మందుల షాపు ముందున్న మిషన్ ఎక్కితే ముల్లు చివరిదాకా పోయి, అక్కడే వణుకుతూ నిలబడి, ఆయన దిగాక కూడా వెనక్కి రాలేదు. షాపువాడు నానా గొడవా చేశాడు. అందుకని విరిగిన కిటికీ ఊచలూ తుప్పు బకెట్లూ తూచే కాటా మీద నిలబెట్టాను. "నూట ముప్ఫై దాటింది," అన్నాడు పాత ఇనుము కొట్టువాడు. "తీసుకెళ్తావా, ఇక్కడే వదిలేస్తావా?" మా ఆయన పగలబడి నవ్వాడు. ఆయన నవ్వు ఆగాక కూడా పొట్ట కాసేపు నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా ఇంట్లో కూర్చుని తిన్నవాడే కొండయ్యాడు.

మా పని నీళ్ళ ట్యాంకులు కడగడం. మేడల మీద సిమెంటు ట్యాంకులుంటాయి. వాటి నెత్తిన గుండ్రటి నోరు, నోటి చుట్టూ ఇనుప చట్రం, దాని మీద మూత. ఒక మనిషి ఆ నోట్లోంచి లోపలికి దిగి, అడుగున పేరుకున్న బురద ఎత్తి, గోడలు బ్రష్షుతో తోమి, బ్లీచింగ్ వేసి కడగాలి. ఇంకో మనిషి పైన నిలబడి తాడు పట్టుకోవాలి, బకెట్లు లాగాలి. మా ఇద్దరిలో దిగేదెవరో నిలబడేదెవరో వేరే చెప్పక్కర్లేదు. మా పెళ్ళైన కొత్తలో ఆయనే దిగేవాడు, మా అత్తగారు తాడు పట్టుకునేది. తర్వాత భుజాలు పట్టలేదు, ఆ తర్వాత పొట్ట పట్టలేదు. "ఈ ఒక్క వేసవికి నువ్వు దిగమ్మా, వాడు కాస్త తగ్గుతాడు," అంది మా అత్తగారు. ఆ ఒక్క వేసవి ఇరవై ఏళ్ళు నడిచింది. ఆవిడ పోయింది, ఈయన తగ్గలేదు.

ఆ ఏడు చలి పోయే రోజుల్లో నా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. నాలుగు మెట్లెక్కితే చాలు, లోపల ఎవరో ఈల వేస్తున్నట్టుండేది. డాక్టరు వీపు మీద చల్లటి బిళ్ళ ఆనించి విని, "ఇకమీదట బ్లీచింగ్ దగ్గరికి పోకూడదు. మూసిన చోట్లలో దూరకూడదు. దూరితే నా బాధ్యత లేదు," అన్నాడు. ఇంతకుముందు ఏదో తన బాధ్యత ఉన్నట్టు.

ఇంటికొచ్చి వంటగదిలో ఈ మాట చెప్పాను. మా ఆయన రొట్టె నములుతున్నాడు. మా అమ్మాయి గోడకి ఆనుకుని పుస్తకం తిరగేస్తోంది. అది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏడు చదువుతోంది. సన్నగా చువ్వలా ఉంటుంది.

"దానికేముందే? అమ్మాయి దిగుతుంది," అన్నాడు ఆయన, ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా.

"దిగుతాలేమ్మా," అంది పిల్ల, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. "ఈ ఒక్క వేసవికే కదా."

ఎవరూ నేర్పకుండానే అదే మాట దాని నోట వచ్చింది.

"అది దిగిందంటే నేనీ ఇంట్లో ఉండను," అన్నాను. "దిగాల్సింది నువ్వు."

"నేనా?" అని ఆయన తన పొట్టకేసి చూసుకున్నాడు, అదెవరో వేరే మనిషిని అడుగుతున్నట్టు. "నేను దిగితే ఆ ట్యాంకుకి మూత అక్కర్లేదే. నేనే మూత."

"నవ్వింది చాలు. వానలు పడేలోపు మన ట్యాంకులన్నీ అయిపోవాలి. చట్రంలో పట్టేదాకా తగ్గు. తగ్గలేదా, ఈ పని మానేద్దాం. పిల్ల మాత్రం దిగదు."

పని మానేస్తే దాని చదువు ఎలాగూ ఆగిపోతుందని ముగ్గురికీ తెలుసు. అందుకే ఎవరూ ఆ మాట అనలేదు. ఆయన మాత్రం మిగిలిన రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టేసి, కాసేపటికి మళ్ళీ తీసుకుని తినేశాడు.

మా ఆడపడుచు రెండు వీధుల అవతల ఉంటుంది. ముందుగదిలో కుర్చీలు వేసి, ఒళ్ళు తగ్గే పొడి అమ్ముతుంది. గోడకి తెల్లబోర్డు, దాని మీద రంగు పెన్నులతో "చిన్న లక్ష్యం, పెద్ద విజయం" అని రాసి చుట్టూ పువ్వులు వేసింది. ఆవిడ అంగుళం తగ్గగా నేను చూడలేదు. పువ్వులు మాత్రం ఏటికేడు పెరుగుతున్నాయి.

"ముప్ఫై కిలోలు అనుకుంటే గుండె ఆగిపోతుంది వదినా," అంది కళ్ళు మూసుకుని, బోర్డు మీదున్నది కంఠతా అప్పజెబుతూ. "ముప్ఫై అనకూడదు. ఒక్కటి అనాలి. ఒక్కటి కూడా వద్దు. ఇవాళ ఒక్క బిస్కెట్ తక్కువ, అంతే. రేపటి సంగతి రేపు."

"మరి ప్యాకెట్‌లో మిగతావి?"

"నీకన్నీ ఎగతాళే వదినా. అన్నయ్యా, నువ్వు విను."

అన్నయ్య విన్నాడు. తెగ నచ్చేసింది. నచ్చదూ మరి! ఒక్క బిస్కెట్ మానేసి లోకాన్ని జయించినట్టు మొహం పెట్టేవాడు. ఆ విజయం చెప్పుకోవడానికి చెల్లెలి ఇంటికి పోయేవాడు. ఆవిడ మురిసిపోయి కేకు ముక్క పెట్టేది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు.

ఒక లక్ష్యమట, బూటు లేసు తనే కట్టుకోవడం. అది కట్టిన రోజు నన్ను పొయ్యి దగ్గర్నుంచి పిలిచి మరీ చూపించాడు. వంగినందుకు మొహమంతా కందిపోయి ఉంది. "చూడు, ముడి పడింది." మూడేళ్ళ పిల్లలు చూపిస్తారు ఇలాంటివి. ఇంకో లక్ష్యం, చేతుల కుర్చీలోంచి లేచినప్పుడు కుర్చీ కూడా తనతోపాటు లేవకపోవడం. నేను మాత్రం ఉప్పూ నూనే లేకుండా కూరగాయలు ఉడకబెట్టేదాన్ని. నేను వండాలి, ఆయన తినాలి, ఇద్దరం ఏడవాలి. ఏనుగును తోక పట్టుకుని లాగుతున్నట్టుందని రోజుకోసారైనా అనేదాన్ని. "ముందు తోకే కదలనీవే," అనేవాడు సిగ్గూ ఎగ్గూ లేకుండా.

పాత హోస్ పైపు ముక్కలు తెచ్చుకుని గదిలో కూర్చున్నది ఆ రోజుల్లోనే. ఏమిటీ చెత్త అని అడిగాను.

"కిలోలు నా బుర్రకెక్కవే. నేను దిగాల్సింది కాటాలోకి కాదుగా, ట్యాంకులోకి." పైపును ఒక్కో ట్యాంకు నోటి కొలతకి కోసి, కొసలు టేపుతో అతికించి, నాలుగు రింగులు చేశాడు. వంటగది గోడకి మేకులు కొట్టి వరసగా తగిలించాడు. అన్నిటికంటే పెద్దది ఆసుపత్రి. తర్వాత సినిమా హాలు. తర్వాత బడి. అన్నిటికంటే చిన్నది ఫ్లాట్లు. మా ట్యాంకుల్లో ఫ్లాట్లవాళ్ళదే పెద్ద పని. నోరు మాత్రం ఎవడు కట్టాడో గానీ, పిల్లి దూరితే చాలనుకుని కట్టినట్టుంటుంది.

ఇక రోజూ పొద్దున టీకి ముందు ఈ తంతు. ఆయన చేతులు పైకెత్తి నిలబడతాడు, అమ్మాయి స్టూలెక్కి ఆసుపత్రిని తల మీదుగా వేస్తుంది. రింగు ఛాతీ మీద ఆగుతుంది. "ఇంకొంచెం నాన్నా, ఇంకొంచెం," అంటూ పిల్ల కిందకి లాగుతుంది. నేను అటు తిరిగి గిన్నెలు తోముకుంటాను. ఆ పొట్టని ఎదురుగా చూస్తూ టీ తాగే ఓపిక నాకు లేదు.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆసుపత్రి జారి కాళ్ళ దగ్గర పడింది. మా ఆయన వంటగదిలో గెంతాడు, అలమారులో గిన్నెలు కూడా గెంతాయి. అదే వారం తండ్రీ కూతురూ వెళ్ళి ఆసుపత్రి ట్యాంకు కడిగేసి వచ్చారు. బ్లీచింగ్ వాసన పడదని నన్ను రానివ్వలేదు. "అయిపోయింది," అన్నాడు ఆయన. ఆ రాత్రి ఉడకబెట్టిన గుడ్లు నేనే ఒలిచి పళ్ళెంలో పెట్టాను. మామూలుగా ఆయనే ఒలుచుకోవాలి. తర్వాత సినిమా హాలు కూడా అలాగే అయింది. పక్కవాటా ఆవిడతో "మావారు తగ్గారండీ," అని నా నోటితో నేను చెప్పుకున్నాను. అలా మురిసినందుకు శాస్తి అయింది.

బట్టలు ఉతుకుతుంటే అమ్మాయి నీలం ప్యాంటు చేతికొచ్చింది. మోకాళ్ళ దగ్గర రంగు పోయి తెల్లటి మచ్చలు పడి ఉన్నాయి. నేను ఆ మచ్చలతో బతికినదాన్ని, ఎవరూ చెప్పక్కర్లేదు. తాడు పట్టుకునేవాళ్ళు నిలబడి ఉంటారు. మోకాళ్ళ మీద ఉండేది లోపలివాళ్ళు.

తడి ప్యాంటు అలాగే తీసుకెళ్ళి ఆయన అన్నం తింటున్న బల్ల మీద పడేశాను. నీళ్ళు ఆయన పళ్ళెంలోకి కారాయి. ఆయన మొహం చూస్తేనే నాకు తెలిసిపోయింది.

"నాన్న ముందు ప్రయత్నించాడమ్మా," అంది పిల్ల. "సగం దాకా వెళ్ళాడు."

"సగం దాకా!"

"హోస్ పైపు కదే," అన్నాడు ఆయన, మెల్లగా. "పొట్ట దగ్గర కాస్త వంగింది. అక్కడ చట్రం ఇనుము. ఇనుము వంగదు."

"ఈ సంగతి నీకు ఇప్పుడు తెలిసిందా? ఇన్నేళ్ళూ ఆ చట్రాల పక్కనే నిలబడి ఏం చూశావు, కాకుల్నా?"

"నేను ఇరుక్కుపోతే పిల్లే నా చేతులు పట్టుకుని పైకి లాగింది. నువ్వు జరుగు నాన్నా, గంటలో అవగొడతానని దూకేసింది. నేను వద్దనలేదు."

"మరి సినిమా హాలు?"

"అక్కడ నేను ప్రయత్నించలేదు."

అబద్ధమాడినందుకు కాదు నాకు అసహ్యం వేసింది. అబద్ధం ఆడని మొగుడు ఏ ఇంట్లో ఉన్నాడు కనక! గుడ్లు ఒలిపించుకుని తిన్నాడు. ఒక్కొక్కటే ఉప్పద్దుకుని, నా మొహంలోకి చూస్తూ తిన్నాడు. నోటికొచ్చినవన్నీ అన్నాను. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అన్నాను. కూతుర్ని గోతిలోకి దింపి గట్టు మీద గాలి పీల్చుకునే తండ్రిని ఎక్కడా చూడలేదన్నాను. ఆయన పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం?" అంది పిల్ల. "నాకు సరదాగానే ఉంది. లోపల పాట పాడితే ఎంత బాగా మోగుతుందో! ఆ ల్యాబ్ చదువుకంటే ఇదే నయం. పరీక్ష పోయినా ఈ పని ఉండనే ఉందిగా."

నాకూ మొదట్లో సరదాగానే ఉండేది. నేనూ లోపల పాడాను. ఏ ఏడు మానేశానో కూడా గుర్తులేదు. భయం అంటే ఏమిటో నాకు ఆ బల్ల దగ్గర తెలిసింది.

ఆ మాట ఆయనా విన్నాడు. సగం తిన్న పళ్ళెం తీసుకెళ్ళి తొట్టెలో పెట్టాడు. గోడ మీది నాలుగు రింగులూ దించి, కూరగాయల కత్తితో ఒక్కొక్కటీ కోసి చెత్తబుట్టలో వేశాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. చెల్లెలి దగ్గరికి ఏడవడానికి పోయాడనుకున్నాను. అక్కడైతే కేకుంటుంది.

పోయింది మా తమ్ముడి దగ్గరికి. వాడికి వెల్డింగ్ షెడ్డుంది. చీకటి పడేలోపు ఇద్దరూ కలిసి వచ్చారు. తమ్ముడి భుజానికి నాలుగు ఇనుప రింగులు వేలాడుతున్నాయి.

"అక్కా, ఇవి బావ నిజంగానే చేయించుకున్నాడా? లేక నన్ను ఆటపట్టిస్తున్నాడా?" అన్నాడు వాడు.

"నాకేం తెలుసు? వేసి చూడు."

ఆసుపత్రి వేశారు. జారి కిందపడిన ఆసుపత్రి ఇదేనా అనిపించింది. ఛాతీ కింద టక్కున ఆగిపోయింది. పీపాకి కట్టు వేసినట్టుంది. పైకి తీయడానికి సబ్బు రాయాల్సి వచ్చింది. గెలిచాననుకున్న రెండు రింగులూ పోయాయి, మనిషి మళ్ళీ మొదటికొచ్చాడు. ఇక మూడు రోజుల ముచ్చటే అనుకున్నాను. ఆయన ఆరంభశూరత్వం నాకంటే ఎవరికి తెలుసు?

మూడు రోజులూ అయ్యాయి. ఆయన ఆపలేదు.

ఇప్పుడు లక్ష్యం బిస్కెట్ కాదు, గుండీ. చొక్కా తొడుక్కుని రింగు వేసుకుంటాడు. అది ఏ గుండీ దగ్గర ఆగితే ఆ రోజుకి ఆయన అక్కడున్నట్టు. మూడో గుండీ నుంచి నాలుగో గుండీకి దిగడానికి ఎన్ని రోజులైనా సరే, ఐదో దాని గురించి మాట్లాడడు, మాట్లాడనివ్వడు. తెల్లారకుండా లేచి నడిచొచ్చేవాడు. మెట్లు ఎక్కి దిగి మళ్ళీ ఎక్కేవాడు. కింది వాటావాళ్ళు ఏమన్నా పోగొట్టుకున్నారా అని అడిగారు. నేను ఒక్క మంచి మాట అనలేదు. అంటే మళ్ళీ ఎక్కడ గుడ్లు ఒలిచిపెట్టాల్సి వస్తుందోనని.

మా ఆడపడుచు కేకు డబ్బా పట్టుకుని వచ్చింది. అన్నయ్యని చూసి గుమ్మంలోనే నోరు నొక్కుకుంది.

"ఎముకలు తేలిపోయావు అన్నయ్యా!"

"ఎక్కడ తేలాయే? చూపించు, ఓ దండం పెట్టుకుంటాను."

"ఒక్క ముక్క తిను. ఒక్క ముక్కకి ఏమీ కాదు. నిన్ను నువ్వు మెచ్చుకోవాలి కదా మధ్యమధ్యలో! బోర్డు మీద రాశాను కూడా."

"వద్దమ్మా. ఇవాళ నాలుగో గుండీ దగ్గరున్నాను."

"గుండీ ఏంటి?"

ఆవిడ కాసేపు అందరి మొహాలూ చూసి, బతిమాలి, చివరికి తనే రెండు ముక్కలు తిని, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత పొడి గురించి మా ఇంట్లో మాట్లాడలేదు.

ఇనుప ఆసుపత్రి కిందపడిన రోజు గచ్చు ఠంగుమంది. కింది వాటాలోంచి తిట్లు వినబడ్డాయి. తర్వాత సినిమా హాలు ఠంగుమంది. చొక్కాలు ఆయన మీద ఆరేసినట్టు వేలాడసాగాయి. మెడ దగ్గర చర్మం వదులైంది. వీధిలో జనం నన్ను ఆపి, "మీవారికి ఒంట్లో బాగాలేదా?" అని జాలిగా అడిగేవాళ్ళు. లావుగా ఉంటే లావంటారు, తగ్గితే రోగమంటారు. ట్యాంకులకైతే మూతలుంటాయి, లోకం నోటికి ఎవడు వేస్తాడు మూత?

బడి రింగు కూడా పడింది. బడి ట్యాంకుకి అమ్మాయిని పోనివ్వలేదు, తాడు పట్టుకోవడానికి మా తమ్ముణ్ణి పంపాను. సాయంత్రం వాడు గుమ్మంలోనే నిలబడి, "అక్కా, దిగాడు. ఒట్టు. నా కళ్ళతో చూశాను. మధ్యలో ఇరుక్కున్నాడు, బండబూతులు తిట్టాడు, మళ్ళీ దిగాడు," అన్నాడు.

"ఎవర్ని తిట్టాడు?"

"నిన్నే."

"అయితే నిజంగానే దిగాడు," అన్నాను.

ఫ్లాట్లే మొండికేసింది. రింగు వచ్చి ఆఖరి గుండీ దగ్గర ఆగింది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. అక్కడే. ఆయన తినేది తగ్గించాడు, నడిచేది పెంచాడు, ఇనుము మాత్రం ఆ గుండీ పట్టుకుని వేలాడింది. ఒక మధ్యాహ్నం వంటగదిలోకి వెళ్తే, పిల్ల కోసం వేయించిన బంగాళాదుంపల పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ముట్టుకోలేదు. గోడ గడియారం చూస్తున్నాడు.

"తింటే తిను, లేకపోతే లే. అదేమన్నా సినిమానా చూడ్డానికి?"

"పెద్ద ముల్లు ఆరు మీదకి వచ్చేదాకా తినకూడదనుకున్నా. వచ్చింది. ఇప్పుడు పన్నెండు దాకా అనుకుంటున్నా."

"పన్నెండు మీదకి వచ్చాక?"

"మళ్ళీ ఆరు."

పిచ్చి ముదిరిందని చెప్పి పళ్ళెం లాక్కుపోయాను. లోపలికెళ్ళి చూస్తే నా కళ్ళు చెమర్చి ఉన్నాయి. ఉల్లిపాయలేమీ తరగలేదు, కాబట్టి ఆయన్నే ఇంకో రెండు తిట్లు తిట్టుకున్నాను.

ఆ ఏడు మబ్బులు తొందరపడ్డాయి. ఫ్లాట్ల సెక్రటరీ ఫోన్ చేసి, "ఇవాళ కడిగితే కడగండి, లేకపోతే రేపు వేరేవాళ్ళు వస్తారు. మళ్ళీ మీరు రానక్కర్లేదు," అన్నాడు. వాళ్ళు పోతే ఆ వీధిలో మిగతావాళ్ళూ పోతారు. ఆ పొద్దున కూడా రింగు ఆఖరి గుండీ దాటలేదు. మా తమ్ముడు వేరే పని మీద దూరం పోయాడు. మేము అలా నిలబడి ఉండగానే అమ్మాయి లోపలికెళ్ళి నీలం ప్యాంటు వేసుకుని, జుట్టు బిగించి ముడేసుకుని వచ్చింది. ముగ్గురం బయల్దేరాం. డాక్టరు మాట గాలికొదిలి నేనూ వెళ్ళాను.

సెక్రటరీ నిక్కరేసుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని డాబా మీద సిద్ధంగా ఉన్నాడు. మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని చూసి అమ్మాయి దగ్గర ఆగాడు.

"ఈ పాపేనా దిగేది? బాగుంది, సన్నగా ఉంది. కానివ్వండి మరి."

పిల్ల ట్యాంకు మీదికెక్కి మూత తీసింది. నేను వెనకే ఎక్కి, వెళ్ళి ఆ నోటి మీద కూర్చున్నాను.

"లేమ్మా," అంది.

"లేవను."

"అమ్మా, అందరూ చూస్తున్నారు. ఈ ఒక్కటే కదా."

"చూడనీ. ఈ ఒక్కటే అంటే నీ పళ్ళు రాలగొడతాను."

వెనక బకెట్ చప్పుడైంది. చూస్తే మా ఆయన చొక్కా విప్పేసి పొట్టకి సబ్బు పూసుకుంటున్నాడు. వదులు చర్మం మీద నురగ మడతల్లో నిలిచింది. చూడ్డానికి ఏమీ బాగాలేదు. మా దగ్గరికొచ్చి, "లేవే," అన్నాడు. లేచాను.

సెక్రటరీ నవ్వాడు. "ఏమండీ, ఈ గున్న ఏనుగుని అందులో ఎలా దింపుతారు? దిగినా మళ్ళీ పైకి ఎలా తీస్తారు?"

"చూడండీ," అన్నాను. "ఆయన్ని అనడానికి నేనున్నాను. ఇన్నేళ్ళుగా అంటున్నాను, ఏ లోటూ చేయలేదు. మీరు సాయం రానక్కర్లేదు. కిందికి పోయి నీళ్ళ మోటారు ఆపించండి, పొండి."

సెక్రటరీ మొహం గంటు పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. అదే సబ్బుతో మా ఆయన సాయంత్రం పైకి కూడా వచ్చాడు. అది తర్వాతి మాట.

కాళ్ళు దిగాయి. తొడలు దిగాయి. పొట్ట దగ్గర ఆగిపోయింది. చట్రం మీద మోచేతులు ఆనించి ఆయన నాకేసి చూశాడు.

"ఊపిరి వదులు," అన్నాను.

వదిలాడు.

"మొత్తం వదలవయ్యా. ఎవరికోసం దాచుకుంటున్నావు?"

వేలెడు దిగాడు. ఆగి, మళ్ళీ ఊపిరి తీసి, వదిలి, ఇంకో వేలెడు. ఇనుము రెండు పక్కలా చర్మం గీరుకుపోయింది, నురగ ఎర్రబడింది. పిల్ల మొహం తిప్పుకుంది. ఇంకో వేలెడు. ఆ తర్వాత ఉన్నట్టుండి మోచేతులూ తలా మాయమై, లోపల దబ్బున చప్పుడైంది.

బ్రష్షూ బకెట్టూ దింపాను. పిల్ల చేయి పట్టుకుని మెట్ల దాకా తీసుకెళ్ళాను.

"నీ క్లాసుకి టైమవుతోంది. పో."

"ఈ బట్టలతోనా?"

"ఆ బట్టలతోనే పో. ఎవరైనా అడిగితే ఇంట్లో పనీపాటా నేర్పలేదని చెప్పు."

అది నాలుగు మెట్లు దిగి ఒకసారి వెనక్కి చూసింది. తర్వాత పరిగెత్తుకుంటూ దిగిపోయింది. నేను ట్యాంకు మీదికొచ్చి తాడు అందుకున్నాను.

పైన నిలబడి తాడు పట్టుకోవడం నాకు అదే మొదలు. లోపల్నుంచి పైకి చూస్తే గుండ్రటి ఆకాశం, వెలుగు, పైనున్న మనిషి తల చెవి వెంట్రుకలతో సహా కనిపిస్తాయి. అందుకని ఆయనకీ నేను అలాగే కనిపిస్తున్నాననుకునేదాన్ని. ఇన్నేళ్ళూ బకెట్టు బకెట్టుకీ ఆయన పైనుంచి "ఉన్నావా?" అని అరిచేవాడు. "లేను, చచ్చాను," అనేదాన్ని. పని లేనివాడి కేకలనుకునేదాన్ని. ఇప్పుడు వంగి చూస్తే ఏమీ లేదు. ఎండలోంచి చూసే కళ్ళకి ఆ నోట్లో నల్లటి చీకటి తప్ప మనిషి లేడు, చెయ్యి లేదు, బ్రష్షు లేదు.

కాసేపు తోముతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది. తాడు కదల్లేదు.

"ఉన్నావా?" అన్నాను.

జవాబు లేదు. ఛాతీలో ఈల మొదలైంది.

"ఏమయ్యా, నిన్నే! ఉన్నావా?" ఆ వాటాలన్నీ వినేలా అరిచాను.

"లేనే, చచ్చాను!" అన్నాడు లోపల్నుంచి, విసుగ్గా. "పని చేసుకోనివ్వవా?"

తాడు చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను. బురద బకెట్ ఒకటి పైకి లాగి, పారబోసి, ఖాళీది దింపి, మళ్ళీ అడిగాను.